బడిపిల్లల మాస్కు, తల్లిదండ్రుల మాట

కళ్లంలో బంతి కట్టి తొక్కించేటప్పుడు ఎద్దు మూతికి కట్టే వలబుట్టను మన డెల్టా రైతులు చిక్కం అంటారు. గింజకు నోరు చాపకుండా రైతు చేసుకున్న ఏర్పాటు అది. యంత్రాలు వచ్చాక ఎద్దులూ పోయాయి, చిక్కాలూ అటకెక్కాయి. ఆ మాట 2020 నవంబరులో మళ్లీ నా చెవిన పడింది. దివిసీమలోని మా ఊళ్లో, తొమ్మిదో తరగతి చదివే మనవరాలిని బడికి పంపుతూ మా మేనత్త అన్నది: "మా కాలంలో గొడ్లకు కట్టేవాళ్లం నాయనా, ఇప్పుడు బిడ్డలకు కడుతున్నారు." ఆమె కోడలు, బిడ్డ మాస్కు తాడును చెవివెనక సర్దుతూ, "పంపితే రోగం, పంపకపోతే చదువు పోతుంది. ఏది కావాలో మమ్మల్నే రాసి ఇమ్మంటున్నారు తమ్ముడూ" అన్నది.

ఈ రెండు మాటలు చాలాకాలం నన్ను వెంటాడాయి. మాస్కును గూర్చి తల్లిదండ్రులు ఏమనుకున్నారనే ప్రశ్న వచ్చినప్పుడల్లా మన విద్యావంతులు రెండు సమాధానాలలో ఏదో ఒకటి చెబుతూ వచ్చారు. ప్రజలు అజ్ఞానులు, విజ్ఞానశాస్త్రం చెప్పినది వారికి తలకెక్కదు అనేది మొదటిది. మాస్కు అనేది పాలకులు ప్రజల నోటికి వేసిన తాళం, దానిని ఇష్టపడనివారంతా స్వేచ్ఛాప్రియులు అనేది రెండవది. మా అత్తను అజ్ఞాని అనడానికీ నాకు మనసొప్పదు, ఆమెను స్వేచ్ఛాయోధురాలిని చేయడానికీ మనసొప్పదు. ఈ రెండు సమాధానాలూ మనిషి బతికే ఇల్లు, చేసే పని, బిడ్డ కూర్చునే గది, వీటిని చూడకుండా చెప్పినవి. అభిప్రాయం గాలిలో పుట్టదు. అది పుట్టిన నేలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

ముక్కుకు గుడ్డ కట్టుకోవడం 2020లో మన ప్రాంతానికి వచ్చిన వింత కాదు. మా నాన్న ఇరవై ఏళ్లు రైసుమిల్లులో హమాలీగా పనిచేశాడు. ఊకదుమ్ములోకి దిగేముందు తువ్వాలు తీసి ముక్కూ నోరూ కలిపి బిగించి కట్టేవాడు. సాయంకాలం ఇంటికి వచ్చి ఆ తువ్వాలు దులిపితే అరుగంతా తెల్లబడేది. గుంటూరు మిరపకాయల యార్డులో తొడిమలు తీసే ఆడకూలీలు చీరచెంగు ముఖానికి చుట్టుకొని పని చేస్తారు. పత్తి మిల్లుల్లోనూ అంతే. శ్రమజీవి తన గుడ్డ తానే కట్టుకోవడం యజమానికి దమ్మిడీ ఖర్చులేని రక్షణ. ఆ గుడ్డను గూర్చి ఏ నిపుణుడూ వారి అభిప్రాయం అడగలేదు. కష్టజీవుల ఇళ్లలో మాస్కు మీద వాదోపవాదాలు తక్కువగా వినిపించడానికి ఒక కారణం ఇదే. వారికి అది పనిముట్టు.

అయితే ఆ ఇళ్లలోనే మరొక జ్ఞాపకం కూడా ఉంది. మన భాషలో రోగం సోకడానికీ, మనిషిని వెలివేయడానికీ ఒకే ధాతువు వాడుకలో ఉంది. అంటురోగం, అంటరానితనం రెండూ 'అంటు' నుండి వచ్చినవే. 'మూతికి ముంత, నడుముకు తాటాకు' అనే నానుడి ఏ కులాల వారి బతుకు నుండి వచ్చిందో తెలుగు పాఠకునికి వివరించనక్కరలేదు. నోటి తుంపర అపవిత్రమని కొందరి మెడకు ముంత కట్టిన సమాజంలో, 'దూరం నిలబడు, నోరు మూసుకో' అనే ఆజ్ఞ అందరి చెవులకూ ఒకే విధంగా వినబడదు. 2020లో ప్రభుత్వ ప్రకటనలు 'సామాజిక దూరం' అన్నప్పుడు ఆ మాట తగదని, 'భౌతిక దూరం' అనాలని చాలామంది రచయితలు అభ్యంతరం చెప్పింది ఇందుకే. అది పదాల పట్టింపు కాదు, చరిత్ర పట్టింపు.

వైద్యశాస్త్రంలో మాస్కుకు వేరొక చరిత్ర ఉంది. 1910-11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగినప్పుడు వు లియన్ తే అనే యువ వైద్యుడు, రోగం గాలి ద్వారా సోకుతున్నదని గుర్తించి, పలుచని గుడ్డ మడతల మధ్య దూది పెట్టి ముఖానికి కట్టుకొమ్మన్నాడు. ఆ మాట లక్ష్యపెట్టక మాస్కు లేకుండా రోగులను చూసిన ఫ్రెంచి వైద్యుడు మెనీ కొద్దిరోజులకే ఆ రోగంతో చనిపోయాడు. 1918 ఇన్‌ఫ్లూయెంజాలో మనదేశంలో కోటికి పైగా ప్రజలు మరణించారు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్కు తప్పనిసరి చేస్తే, 1919 జనవరిలో దానికి వ్యతిరేకంగా ఒక సంఘమే ఏర్పడింది. కనుక మాస్కు మీద తగవు నూరేళ్ల పాతది.

పిల్లల శరీరం మీద ప్రభుత్వానికి ఎంత అధికారం, తల్లిదండ్రులకు ఎంత అధికారం అనే తగవు కూడా మనకు కొత్తది కాదు. క్షయ నివారణకు బి.సి.జి. టీకా మనదేశంలో 1948లో మదనపల్లెలో మొదలైంది. అప్పుడు కృష్ణా జిల్లాతో సహా మన జిల్లాలన్నీ మదరాసు రాష్ట్రంలోనివే. ఆ నగరంలోనే ఎ.వి. రామన్ ఆ టీకాకు వ్యతిరేకంగా ప్రచారం సాగించాడు. 1955లో రాజాజీ అంతటివాడు పిల్లలకు సామూహికంగా టీకాలు వేయడాన్ని తప్పుపట్టి పుస్తకం వెలువరించాడు. వారి శాస్త్రవాదన నిలవలేదు. కాని పిల్లల విషయంలో ప్రజలను నమ్మించి ఒప్పించే బాధ్యత ఎవరిది అని వారి ఆందోళన లేవదీసిన ప్రశ్న మిగిలిపోయింది. అరవై అయిదేళ్ల తరువాత అదే ప్రశ్న మాస్కు రూపంలో మన బడుల గుమ్మాల ముందు నిలిచింది.

2

ఇప్పుడు సంఘటనల క్రమం చూద్దాం. 2020 మార్చి 19 నుండి ఆంధ్రప్రదేశ్‌లో విద్యాసంస్థలు మూతబడ్డాయి. 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించి, వాటిని కుట్టే పనిని స్వయంసహాయక సంఘాల మహిళలకు అప్పగించింది. అంటే మన ఊళ్లలో తల్లులకు మాస్కు మొదట కుట్టుకూలిగా పరిచయమైంది. ఆ తరువాతనే అది బిడ్డ ముఖం మీదికి వచ్చింది. జూన్‌లో పదవ తరగతి పరీక్షలు రద్దయినాయి. పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలోనూ, ఫోను ఉన్నవారికి ఫోనులోనూ సాగాయి.

సెప్టెంబరు 21 నుండి తొమ్మిది మొదలు పన్నెండు తరగతుల పిల్లలు సందేహాలు అడగడానికి బడికి రావచ్చునని కేంద్రం అనుమతించింది. దానికి ఒక షరతు: తల్లిదండ్రుల లిఖితపూర్వక సమ్మతి. బడులు పూర్తిగా తెరుచుకోవడానికి ఆ తరువాత వచ్చిన ఉత్తర్వులలోనూ ఈ షరతు కొనసాగింది. తరగతిలో ఉన్నంతసేపూ మాస్కు ఉండాలని అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ నియమావళి చెప్పింది. అక్టోబరు 8న కంకిపాడు మండలం పునాదిపాడు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి 'విద్యా కానుక' ప్రారంభించారు. పుస్తకాలు, బట్టలు, బూట్లు పిల్లల చేతికి వచ్చాయి. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులు, ఇంటర్మీడియట్ తెరుచుకున్నాయి.

ఆ వారం వెలువడిన లెక్కలు జాగ్రత్తగా చదవదగినవి. రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతులలో నమోదైన పిల్లలు 9.75 లక్షలు. హాజరైనవారు 3.93 లక్షలు. దాదాపు 262 మంది పిల్లలకు, 160 మంది ఉపాధ్యాయులకు వ్యాధి సోకినట్లు తేలింది. అప్పటి పాఠశాల విద్యాశాఖ కమిషనరు, కవిగా తెలుగు పాఠకులెరిగిన వాడ్రేవు చినవీరభద్రుడు, పిల్లలలో ఇది వందకు 0.1 కూడా కాదని చెప్పారు. ఆ మాట నిజమే. కాని నా దృష్టి మొదటి రెండు అంకెల మీద నిలిచింది. పదిమంది పిల్లలలో ఆరుగురు ఇంటివద్దనే ఉన్నారు. ఆ ఆరుగురి తల్లిదండ్రులు ఊరేగింపు తీయలేదు, కరపత్రం వేయలేదు. సంతకం పెట్టలేదు, అంతే. మన ప్రాంతంలో తల్లిదండ్రుల అభిప్రాయానికి దొరికే అత్యంత విశ్వసనీయమైన దస్తావేజు ఆ ఖాళీ బెంచీలే.

3

సంతకం పెట్టినవారు ఏమన్నారు? పెట్టనివారు ఏమన్నారు? ఆ రోజుల్లో విజయవాడలోనూ, మా ఊరి చుట్టుపట్లా నేను విన్న మాటలను మూడు రకాలుగా విడదీయవచ్చు.

మొదటివారు నగరంలోని ఉద్యోగులు, చిన్న వ్యాపారులు. వీరి ఇళ్లలో ఫోను ఉంది, పిల్లవానికి వేరే గది ఉంది, ముసలి తల్లిదండ్రులూ ఉన్నారు. మాస్కు విషయంలో అందరికంటె పట్టుదల వీరిదే. 'మావాడు పెట్టుకుంటాడు, పక్కవాడు పెట్టుకుంటాడని హామీ ఏమిటి?' అనేది వీరి ప్రశ్న. పిల్లలను ఇంటివద్ద ఉంచుకోగల స్తోమత ఉన్నందున, మాస్కును గూర్చి కఠినంగా మాట్లాడగల స్తోమత కూడా వీరికే ఉంది.

రెండవవారు కౌలు రైతులు, కూలీలు. వీరికి మాస్కు బడికి ప్రవేశపత్రం. 'పెట్టుకోమంటే పెట్టుకుంటాడు, బడి మాత్రం తెరవండి' అనేది వీరి మాట. వీరికి మధ్యాహ్న భోజనమూ ముఖ్యమే, పిల్లవాడు గొడ్లవెంట తిరగకుండా ఉండటమూ ముఖ్యమే. అయితే ఈ ఇళ్లలో పిల్లవానికి ఒకటి రెండు గుడ్డ మాస్కులకు మించి ఉండవు. రాత్రి ఉతికి దండెం మీద వేయాలి. ఆ నవంబరు చివర నివర్ తుపాను వచ్చింది. కోతకు వచ్చిన వరి నీళ్లలో పడుకున్నది. దండెం మీది మాస్కూ ఆరలేదు. పొలం పోయిన రోజున తడి మాస్కుతో బిడ్డను బడికి పంపిన తండ్రి అభిప్రాయాన్ని 'అనుకూలం' అనే గడిలో వేయాలా, 'ప్రతికూలం' అనే గడిలో వేయాలా?

మూడవవారు, నగరం చుట్టూ హాస్టళ్లతో నడిచే ప్రయివేటు జూనియర్ కళాశాలల్లో పిల్లలను చేర్చినవారు. విజయవాడ ఈ వ్యాపారానికి రాజధాని వంటిది. పొలం తాకట్టుపెట్టి ఫీజు కట్టిన తండ్రికి కళాశాల మూతబడితే ఒక భయం, తెరిస్తే మరొక భయం. కిటికీలు బిగించిన గదిలో అరవైమందికి పైగా కూర్చునేచోట మాస్కు ఏపాటి రక్షణ అని అడిగే ధైర్యం వీరిలో చాలామందికి చాలలేదు. ఫీజు రసీదు వారి నోటికి కట్టిన అసలు చిక్కం.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2020కి ఎంతో ముందునుంచే విజయవాడ ఎండకూ దుమ్ముకూ తాళలేక బండి ఎక్కే ఆడపిల్లలు చున్నీతో కళ్లు తప్ప ముఖమంతా చుట్టుకోవడం మనం చూస్తున్నదే. 'ముఖం దాచుకొని ఎవరితో తిరుగుతున్నదో' అని ఆ చున్నీని శంకించిన పెద్దలే, ఏడాది తిరగకముందే, 'మాస్కు తీయకు, ఎవరికంటా పడకు' అని చెప్పడం నేను విన్నాను. గుడ్డ మారలేదు, ముఖం మారలేదు. పిల్ల ముఖం మీద హక్కు తమదేనన్న నమ్మకమూ మారలేదు. ఈ చర్చ అంతటిలో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలను వారి అభిప్రాయం అడిగినవారు అరుదు. సమ్మతిపత్రం మీద వారి సంతకానికి చోటే లేదు.

నేను తెలుగు చెప్పేవాణ్ణి. ళకారం పలికేటప్పుడు నాలుక ఎక్కడికి మడుచుకుంటుందో, మహాప్రాణాలకు ఊపిరి ఎట్లా విడవాలో నోరు చూపించి నేర్పవలసినవాణ్ణి. రెండేళ్లు నా నోరు వారికి కనబడలేదు, వారి నోరు నాకు కనబడలేదు. 2022లో మాస్కులు తీసిన తరువాత ఏడాదిగా నాకు తెలిసిన కుర్రవాడిని పేరడిగి నవ్వులపాలయ్యాను. మీసకట్టు మొలిచింది ఆ గుడ్డ వెనకనే. అందరూ తీసిన తరువాత కూడా కొందరు పిల్లలు తీయలేదు. ఎత్తుపళ్లనూ మొటిమలనూ దాచిన గుడ్డ వారికి ఆత్మీయమైపోయింది. మాస్కు వల్ల నష్టమే లేదనేవారు ఈ పిల్లలతో ఒక పూట గడపవలసింది.

4

మన తల్లిదండ్రుల మాటను ప్రపంచంలో ఇతరుల మాటతో పోల్చి చూస్తే దాని విలువ ఇంకా స్పష్టమవుతుంది. 2021 జులైలో అమెరికాలోని ఫ్లోరిడా గవర్నరు, బడులు మాస్కును తప్పనిసరి చేయరాదని, అది తల్లిదండ్రుల ఇష్టమని ఉత్తర్వు ఇచ్చాడు. అక్కడ 'తల్లిదండ్రుల హక్కు' అనే మాట ప్రజారోగ్య నియమాన్ని పడగొట్టే ఆయుధమైంది. ఇక్కడ 'తల్లిదండ్రుల సమ్మతి' అనే మాట ప్రజారోగ్య బాధ్యతను ఇంటి గుమ్మంలో దింపిపోయే బండి అయింది. చూడటానికి రెండూ విరుద్ధాలు. రెండింటా జరిగింది ఒకటే: సంఘం మోయవలసిన బరువు విడివిడిగా కుటుంబాల నెత్తిమీద పడింది. కలిగిన కుటుంబం మోయగలిగింది, లేనిది కుంగిపోయింది.

మనకు పొరుగున, మనలాగే వరిపండించే బంగ్లాదేశ్‌లో 2020-21లో 600 గ్రామాలలో పెద్దవారి మధ్య ఒక పరిశోధన జరిగింది. మాస్కులను ఉచితంగా ఇంటికి తెచ్చి ఇచ్చి, ఊరి పెద్దలచేత కట్టించి చూపి, వీధిలో ఆపి నయంగా గుర్తుచేస్తే, సరిగా ధరించేవారు నూటికి 13 నుండి 42కు పెరిగారు. శస్త్రచికిత్స మాస్కులు పంచిన ఊళ్లలో లక్షణాలతో కూడిన వ్యాధి నూటికి 11 వంతులు తగ్గింది. గుడ్డ మాస్కుల వల్ల ప్రయోజనం అంత స్పష్టంగా తేలలేదు. దీనినుండి నేను రెండు విషయాలు గ్రహించాను. మాస్కు ఉపయోగం నిజమే గాని పరిమితమైనది. పేదప్రజల 'వ్యతిరేకత' అనబడేదానిలో పెద్దభాగం, వస్తువు చేతికి అందితే, మనిషి మర్యాదగా చెబితే కరిగిపోయేదే.

పోతే, ఎవరి మాట నిజమైంది? మా అక్క, అంటే మేనత్త కోడలు, ఆనాడే బడి ప్రధానోపాధ్యాయునితో 'గదిలో గాలి ఆడకపోతే గుడ్డ ఏం ఆపుతుంది సారూ? చెట్టుకింద చెప్పరాదా?' అన్నది. ఈ వ్యాధి గాలిలో తేలి, గాలి ఆడని గదులలో దూరదూరానికీ సోకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా రాసింది 2021 ఏప్రిల్ చివరనే. 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ పరీక్షల వ్యవహారం సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు న్యాయమూర్తులు వేసిన ప్రధానమైన ప్రశ్నలలో ఒకటి గదుల లెక్కే. గదికి పదిహేను నుండి పద్దెనిమిది మంది చొప్పున కూర్చోబెట్టడానికి కావలసిన 34 వేల పైచిలుకు గదులు ఎక్కడివని అడిగారు. జవాబు లేక పరీక్షలు రద్దయినాయి. చెట్టుకింద చెప్పరాదా అన్న తల్లీ, గదులెక్కడివన్న న్యాయస్థానమూ అడిగింది ఒకే ప్రశ్న. మాస్కును గూర్చిన చర్చలో మనం దాటవేసింది కూడా ఆ ప్రశ్ననే.

2021 ఆగస్టు 16న బడులు మళ్లీ తెరిచారు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు పొరుగు తెలంగాణలో బడులు మూసినా మన రాష్ట్రంలో మూయలేదు. అప్పటికి పదిహేనేళ్లు దాటినవారికి టీకాలు మొదలైనాయి. పన్నెండేళ్లు దాటినవారు పెద్దలలాగే మాస్కు ధరించాలని, అయిదేళ్లలోపువారికి అక్కరలేదని కేంద్రం చెప్పింది. ఆ మార్చి నెలాఖరుతో విపత్తు చట్టం కింది ఆంక్షలు ముగిశాయి. ఏప్రిల్ నెలలోనే విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి, మా దివిసీమ కృష్ణా జిల్లాలోకి విడిపోయాయి. ఆ నెలాఖరునే, మూడేళ్లలో మొదటిసారిగా, పదవ తరగతి పరీక్షలు జరిగాయి.

ఫలితం ఇది: 6,15,908 మంది రాస్తే 4,14,281 మంది ఉత్తీర్ణులయ్యారు, అంటే నూటికి 67.26. 2019లో అది 94.88. రెండు లక్షలమంది తప్పారు. వీరు ఎనిమిదో తరగతి చివర బడి పోగొట్టుకొని, తొమ్మిదో తరగతి సగంలో మాస్కుతో బడి ఎక్కినవారు. ఈ నష్టానికి మాస్కు కారణమని అనడం అవివేకం. తరగతి లేని నెలలు, ఫోను లేని ఇళ్లు, రోజు విడిచి రోజు పాఠాలు ఇందుకు కారణాలు. కాని మూడేళ్లు మనం మాస్కును గూర్చి మాట్లాడినంత పట్టుదలతో ఈ నష్టాన్ని గూర్చి మాట్లాడామా?

ఆ రెండు లక్షలలో మా మేనత్త మనవరాలు ఒకతె. లెక్కల్లో తప్పింది. జులైలో సప్లిమెంటరీ రాసి గట్టెక్కింది. ఆ వేసవిలో ఆమెను నేను అడిగాను, మాస్కు నీకు కష్టమైందా అని. "దానితో పేచీ ఏం లేదు మామయ్యా. అర్థం కానప్పుడు ముఖం చూసి మా సారు మళ్లీ చెప్పేవారు. మాస్కు వచ్చాక ఆయనకు నా ముఖం తెలిసేది కాదు, నాకేమో లేచి అడగాలంటే సిగ్గు" అన్నది. ఆమె అభిప్రాయాన్ని మొదటిసారి అడిగినవాణ్ణి నేనే కాబోలు.

మరొక అంటురోగం వస్తుంది. చరిత్ర తెలిసినవారెవరూ రాదని చెప్పరు. అప్పుడు మళ్లీ మాస్కు అవసరం కావచ్చు, నేను కట్టుకుంటాను, నా విద్యార్థులచేత కట్టిస్తాను. కాని సమ్మతిపత్రం మీద తల్లిదండ్రుల సంతకం అడిగే ముందు ఆ కాగితం మీద మరొక సంతకం ఉండాలని మనం కోరాలి. గదికి ఇంతమందే, కిటికీలు ఇన్ని, పొడి మాస్కు రోజుకొకటి, పోయిన పాఠానికి మళ్లీ పాఠం అని రాసి, బాధ్యులు కింద సంతకం చేయాలి. పిల్లవానికీ ఒక గీత వదలాలి. అట్టి కాగితం వచ్చిననాడు మా ఊళ్లో ఎవరూ మాస్కును చిక్కం అనరు.